సముద్రమునకు వెల లేదు: విశాఖపట్టణ తీరమున ఉచిత దర్శనముల చరిత్ర

విరూరునకు సముద్రము దూరము. చంద్రపూరు జిల్లా రాజురా తాలూకాయందలి యీ గ్రామమునుండి ఏ దిక్కునకు బోయినను, అలల చప్పుడు వినుటకు వందల మైళ్లు గడవవలసియుండును. ఐనను విరూరు నీరు సముద్రము నెరుగును. ఈ ప్రాంతపు వాగులు వార్ధానదిని జేరును. వార్ధా వైనగంగతో గూడి ప్రాణహిత యగును. ప్రాణహిత కాళేశ్వరముకడ గోదావరిలో గలియును. గోదావరి తెలుగునేలను దడుపుచు బోయి బంగాళాఖాతమున బడును. కావున విరూరున కురిసిన వాన యొక పైకమైనను వెచ్చింపక తూర్పు సముద్రమును జేరుచున్నది.

మనుష్యులకు అట్టి మార్గము చాల కాలమునకుగాని యేర్పడలేదు. కాజీపేట-బల్హార్షా రైలుమార్గము 1929 నాటికి పూర్తియైన పిమ్మట, ఆ మార్గముమీద నున్న విరూరు స్టేషనునుండి తెలుగు కోస్తాకు దారి సుగమమైనది. నాడు రాజురా తాలూకా హైదరాబాదు సంస్థానమున ఆదిలాబాదు జిల్లాకు జేరియుండెను. 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణమున బొంబాయి రాష్ట్రమున జేరి, 1959లో చాందా జిల్లాయందు గలుపబడెను. సరిహద్దు రేఖ ఊరిని దాటిపోయినను ఊరి తెలుగుమాట తన చోటనే నిలిచినది. నేటికిని ఇచ్చటి తెలుగు కుటుంబములు సముద్రమును జూడ గోరునపుడు కాజీపేట, విజయవాడల మీదుగా విశాఖపట్టణమునకు బోవవచ్చును. రైలుకు టిక్కెట్టు కొనవలెను. బసకును భోజనమునకును వ్యయము తప్పదు. కాని అచ్చటికి జేరిన పిమ్మట ఆ నగరమున శ్రేష్ఠమైన దానిని జూచుటకు వెల లేదు. అది యేల వెల లేనిదైనదో, ఎవరు దానిని అట్లు నిలిపిరో విచారించుట యీ వ్యాసమున ఉద్దేశింపబడినది.

"ఉచితము" అను పదమునకు రెండర్థములు గలవు. సంస్కృతమున అది తగినదని చెప్పును. తెలుగు వాడుకయందు వెల లేక లభించునదని చెప్పును. విశాఖ తీరము విషయమున ఈ రెండర్థములును ఒక్కచోట గలియుచున్నవి. అచ్చట వెల లేక లభించునది కేవలము ప్రకృతి యిచ్చినది కాదు. భక్తుల యాచారము, జాలరుల జీవనము, పౌరుల వ్యయము, న్యాయస్థానముల తీర్పులు గలిసి దానిని అందరిదిగా నిలిపినవి.

కొండలును యాత్రలును

విశాఖకు ఉత్తరముగా భీమునిపట్టణము బోవు దారిలో సముద్రమును జూచుచున్న కొండలపై బౌద్ధ సంఘారామముల శిథిలములు గలవు. వానిలో బావికొండ, తొట్లకొండ, పావురాలకొండ ముఖ్యములు. తొట్లకొండ ఉనికి 1976లో నౌకాదళమువారి విమాన సర్వేక్షణమున వెలుగునకు వచ్చెను. 1988 మొదలు పురావస్తుశాఖవారు జరిపిన త్రవ్వకములలో స్తూపములు, చైత్యములు, భిక్షువుల గదులు బయల్పడెను. వాననీటిని నిలుపుకొనుటకు రాతిలో దొలిచిన తొట్లే ఆ కొండకు పేరైనవి. శాతవాహనుల నాణెములతోపాటు రోమను వెండి నాణెములును అచ్చట లభించుటచే, సముద్ర వ్యాపారము జేయు వర్తకులకును ఈ విహారమునకును సంబంధము గలదని తెలియుచున్నది. భిక్షాపాత్రతో జీవించు సన్న్యాసులు ఒక కొండశిఖరమున శతాబ్దులపాటు నిలువగలిగిరన్న, దిగువనున్న పల్లెలును రేవులును వారిని పోషించియుండవలెను. ఈ తీరమున దానధర్మముల చరిత్ర అంత ప్రాచీనము.

ఆ సంప్రదాయమే వేరొక రూపమున సింహాచలమున గనబడును. అచ్చటి శాసనములలో 11వ శతాబ్ది చివరిదియగు కులోత్తుంగ చోళుని కాలపు శాసనము గలదు. 13వ శతాబ్దిలో గాంగరాజుల కాలమున ఆలయము విస్తరిల్లెను. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రాసమయమున దర్శించి కానుకలు సమర్పించెను. రాజుల కానుకలు శాసనములకెక్కినవి. పామరుల భక్తి కాలినడకలో నిలిచినది. ఆషాఢ పూర్ణిమకు ముందుదినమున జరుగు గిరిప్రదక్షిణమున లక్షలకొలది జనులు కొండ దిగువన తొలిపావంచకడ కొబ్బరికాయ కొట్టి, సుమారు 32 కిలోమీటర్లు కాలినడకన కొండలను జుట్టివత్తురు. దారిలో అప్పూఘర్ కడ సముద్రస్నానము జేయుట యాచారము. వీధివీధిని గృహస్థులు, సంఘములవారు మంచినీరు, మజ్జిగ, పులిహోర పంచిపెట్టుదురు. ఆ రాత్రి నగరమున నడచువానిని ఎవరవని యడుగువారుండరు; త్రాగిన మజ్జిగకు వెల యడుగువారును ఉండరు. ఒక నగరము తన వీధులను, తన తీరమును, తన వంటిండ్లను ఒక రాత్రికి అపరిచితులకు అప్పగించుట సామాన్య విషయము కాదు.

నౌకాశ్రయపు ముఖద్వారముకడ వరుసగా నున్న మూడు కొండలును చూడదగినవి. ఒకదానిపై వేంకటేశ్వరాలయము గలదు. దానిని 1866లో కెప్టెన్ బ్లాక్‌మూర్ అను ఆంగ్లేయుడు కట్టించెనని ప్రతీతి. రెండవదానిపై ఇస్‌హాఖ్ మదీనా అను ముస్లిం మహాత్ముని దర్గా వెలసినది. రాస్ అను దొర యిల్లు గట్టుకొన్న మూడవ కొండ యాయన పేరనే రాస్‌కొండ యైనది. పిమ్మట అచ్చట క్రైస్తవ ప్రార్థనాలయము వెలసినది. ఓడలు రేవున బ్రవేశించుటను మూడింటినుండియు జూడవచ్చును. ఎదురుగా డాల్ఫిన్ ముక్కు అను పేరుగల కొండ సముద్రములోనికి జొచ్చుకొనియున్నది. పాతపట్టణపు నావికులు ఈ మూడింటికిని మ్రొక్కుకొనుట గలదు. మతమేదైనను మెట్లెక్కినవానికి గాలియు సముద్రదర్శనమును సమానమే.

జాలరులు, దొరలు, ఉప్పు

ఈ తీరమునకు మొదటి హక్కుదారులు జాలరులు. జాలరిపేటల చరిత్ర నగర చరిత్రకంటె ప్రాచీనము. వారికి తీరము విహారస్థలము కాదు. పడవ నిలుపుకొను వాకిలి, వల యారవేయు పెరడు, చేప లెండబెట్టు కళ్లము. నేటికిని కొన్ని చోట్ల అలివివల లాగుట చూడవచ్చును. పడవపై వలను అర్ధచంద్రాకారముగ సముద్రమున విడిచి, రెండు కొసల త్రాళ్లను ఒడ్డునకు దెచ్చి, ఇరువైపుల పదులకొలది మనుష్యులు ఏకస్వరమున హైలెస్స యనుచు లాగుదురు. వల యొడ్డు జేరుటకు గంటలు పట్టును. పడిన చేప యెంత స్వల్పమైనను లాగినవారికందరికిని పాలు గలదు. చూడవచ్చినవాడు త్రాటిమీద చేయి వేసినచో వలదనువా రరుదు.

ఆంగ్లేయుల కాలమున వాల్తేరు మెరక దొరల నివాసమైనది. సముద్రపు గాలి ఆరోగ్యప్రదమని వారు బంగళాలు గట్టుకొనిరి. దిగువనున్న పాతపట్టణము స్వదేశీయులదయ్యెను. ఒకే సముద్రమునకు ఎదురుగా రెండు నగరములు వెలసెను. విశాఖపట్టణ పురపాలనము 1858లోను, భీమునిపట్టణ పురపాలనము 1861లోను ఏర్పడెను. దేశమున తొలి పురపాలక సంఘములలో ఇవి పరిగణింపబడుచున్నవి. వీధి, దీపము, నీరు అందరి సొమ్ముతో అందరికొరకు ఏర్పడవలెనను భావము తెలుగుతీరమున అట్లు మొలకెత్తెను. తీరమున నడచుటకు యోగ్యమైన బాట యుండుటయు ఆ భావమునకు ఫలమే.

దొరతనమువారు సముద్రమునకు వెల గట్టలేదు గాని, సముద్రమిచ్చిన యుప్పునకు గట్టిరి. ఉప్పునీరు ఎండలో తానే యెండి ఉప్పగును. ఆ ఉప్పును ఒడ్డున నున్న బీదవాడు తీసికొనుట నేరమయ్యెను. 1930లో గాంధీమహాత్ముడు దండియందు ఏప్రిల్ 6న ఉప్పు చట్టము నుల్లంఘింపగా, ఆంధ్రతీరమున పలుచోట్ల శిబిరములు వెలసెను. విశాఖయందు ఆ సత్యాగ్రహమున పాల్గొన్నవారిలో తెన్నేటి విశ్వనాథముగారు ఒకరు. కైలాసగిరి దిగువన సముద్రమున కెదురుగా నున్న ఉద్యానమునకు నేడు వారి పేరున్నది. ఆ పార్కున గూర్చుండి అలలను జూచువారిలో నెందరు ఆ సంబంధమును దలచుదురో చెప్పలేము. కాని సముద్రతీరమున వెల లేక కూర్చుండుటకును, సముద్రపు టుప్పును స్వేచ్ఛగా గైకొనుటకును మూలమైన న్యాయమొక్కటే.

ఇసుక వెల

తీరము వెల లేనిదనుట చూచువాని పక్షమున మాత్రమే సత్యము. దానిని నిలుపుటకు వ్యయ మగుచునే యున్నది. తూర్పుతీరమున అలలు ఇసుకను ఎక్కువగా దక్షిణమునుండి ఉత్తరమునకు మోసికొనిపోవును. విశాఖ నౌకాశ్రయము 1933లో ప్రారంభమైనపుడు, ఆ యేడు డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డను ప్రభువు దానిని లాంఛనముగ దెరచెను. ఓడలదారి ఇసుకచే బూడిపోకుండుటకై దక్షిణమున రెండు పాత ఓడలను నింపి ముంచి అడ్డుకట్టగా నిలిపిరి. 1970లలో బాహ్య నౌకాశ్రయమునకు పెద్ద అడ్డుకట్టలు లేచెను. అడ్డుకట్ట యిసుక ప్రయాణమును ఆపును. ఆగిన ఇసుక దక్షిణమున మేట వేయును. ఉత్తరమున నున్న రామకృష్ణా బీచికి రావలసిన యిసుక రాక, అల యొడ్డును గొరుకును.

ఈ కారణమున రేవుకడ త్రవ్విన ఇసుకను ఓడలతో దెచ్చి నగరపు టొడ్డున బోయుట పరిపాటి యైనది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపై బడినపుడు తీరపు బాట పలుచోట్ల విరిగి, గోడలు కూలి, చెట్లు నేలగూలెను. పిమ్మట పునర్నిర్మాణము జరిగెను. కావున సాయంకాలము పిల్లలు ఇసుకగూళ్లు గట్టుకొను ఆ తీరమున ప్రజాధనము కొంత నిక్షిప్తమైయున్నది. చూచువానికి ఉచితమగుటకు కారణము అందరును ముందుగనే వెల చెల్లించియుండుట.

నేడు చూడదగినవి

బీదయాత్రికుడు ఒక దినమున నగరపు తీరమునంతను దక్షిణమునుండి ఉత్తరమునకు జూచుట సులభము. తెల్లవారుజామున చేపలరేవు ప్రాంతమునకు బోయినచో, రాత్రి వేటకు బోయిన పడవలు దిరిగి వచ్చుటయు, స్త్రీలు గంపలతో నిలిచి బేరములాడుటయు గనబడును. పిమ్మట తీరపు బాట నడకకు యోగ్యము. ఉదయమున కొంతసేపు వాహనములను నిలిపి నడచువారికి విడుచు ఏర్పాటు గలదు. ఆ బాటకు సమీపమున నున్న రామకృష్ణ ఆశ్రమముచే ఆ తీరమునకు రామకృష్ణా బీచియని పేరు వచ్చినది.

ఆ బాటపైననే 1971 యుద్ధ విజయస్మారకము గలదు. ఆ యుద్ధమున పాకిస్థాను జలాంతర్గామి ఘాజీ విశాఖ సమీపమున మునిగెను. స్మారకమును బాటమీద నుండియే చూడవచ్చును. ప్రక్కనే ఒడ్డునకు జేర్చి 2002లో ప్రదర్శనశాలగా జేసిన కురుసుర జలాంతర్గామి లోపలికి బోవుటకు మాత్రము టిక్కెట్టు గలదు. రొక్కము లేనివాడు దాని వెలుపలి యాకారమును జూచి తృప్తి నొందవచ్చును. నౌకాదళ దినోత్సవ సందర్భమున డిసెంబరునెలలో ఓడలు, విమానములు ప్రదర్శించు విన్యాసములను జూచుటకు జనులు తీరమంతయు నిండుదురు. 2022లో ఢిల్లీ వెలుపల మొదటిసారిగా జరిగిన ప్రధాన వేడుక విశాఖలోనే జరిగెను. రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దానికి విచ్చేసిరి. రాష్ట్రపతి చూచిన విన్యాసమునే ఇసుకలో నిలిచిన కూలివాడును జూచెను.

శీతకాలపు చివర తాబేళ్లు ఒడ్డున గ్రుడ్లు పెట్టును. అటవీశాఖవారు ఆ గ్రుడ్లను కాపాడి, పొదిగిన పిల్లలను ఉదయమున సముద్రమున విడుతురు. అరచేతిలో సగమైనను లేని ఆ పిల్ల అలవైపు తానే ప్రాకుట చూచిన బాలునకు ప్రకృతిశాస్త్రమున తొలిపాఠము లభించును. 2020 అక్టోబరులో బంగ్లాదేశపు సరకుల ఓడ యొకటి లంగరు దెగి తెన్నేటి పార్కు కడ రాళ్లపై జేరగా, దానిని జూచుటకు వారములతరబడి జనులు గుమిగూడిరి. సముద్రము తాను ఏర్పరచు ప్రదర్శనములకు ముందుగా ప్రకటన లుండవు.

ఉత్తరమున ఎర్రమట్టి దిబ్బలు గలవు. వేలకొలది సంవత్సరముల క్రిందట గాలియు సముద్రమును కూర్చిన యిసుక, ఇనుపధాతువు తుప్పు పట్టుటచే ఎఱ్ఱబడి, వాననీటిచే లోతైన గండ్లుగా గోయబడెను. ఇట్టి నేలలు తమిళనాడునను, సింహళమునను మాత్రమే కొంత పోలిక గలవిగా గనబడును. 2025లో ఇవి యునెస్కో ప్రపంచ వారసత్వపు తాత్కాలిక జాబితాయందు జేర్పబడెను. ఈ నేల చాల మృదువు; ఒక వాహనపు చక్రము, ఒక మన్ను బండి శతాబ్దుల పనిని చెరుపగలదు. చూచుటకు వెల లేకుండుటచే దానికి విలువ లేదని తలచుట ఘోరమైన తప్పు.

ఆవల గోస్తనీనది సముద్రమున గలియు భీమునిపట్టణము గలదు. 17వ శతాబ్దినుండి డచ్చివారు వ్యాపారము జేసిన ఆ రేవున వారి సమాధులు నిలిచియున్నవి. దూరదేశమునుండి లాభమునకై వచ్చినవారు ఆ యిసుకలో ఉచితముగా సంపాదించిన దొక్క ఆరడుగుల నేల. ఆ రాళ్లను జదువువానికి చరిత్రగ్రంథము ప్రత్యేకముగ నక్కరలేదు.

ఒక హెచ్చరికయు చెప్పవలసియున్నది. రామకృష్ణా బీచి కడ అడుగున లాగు ప్రవాహములు బలమైనవి. ప్రతి సంవత్సరము ప్రాణనష్టము సంభవించుచున్నది. దూరప్రాంతములనుండి తొలిసారి సముద్రమును జూడవచ్చినవారే అందు చాలమంది. చెరువులో నీదనేర్చినవాడు సముద్రమున నీదగలడని నమ్మరాదు. మోకాలు దడియువరకు చాలును.

అందరిది యెవరిది?

నదీజలము, గాలి, సముద్రము, సముద్రతీరము సర్వజన సామాన్యములని రోమక ధర్మశాస్త్రము క్రీ. శ. 533 నాటి జస్టీనియను సంకలనమున నిర్ణయించెను. తొట్లకొండకు నాణెములు వచ్చిన దేశమునుండియే ఈ భావమును లోకమునకు వచ్చినది. భారత సర్వోన్నత న్యాయస్థానము 1996 డిసెంబరు 13న, బియాస్ నదీతీరమునకు సంబంధించిన ఒక వ్యాజ్యమున, ప్రభుత్వము ప్రకృతిసంపదకు యజమాని గాక ప్రజలకొరకు దానిని రక్షించు ధర్మకర్త యని తీర్పు జెప్పెను. సముద్రతీరమును ఆ సంపదలో జేర్చి చెప్పెను. అంతకుముందే 1981 నవంబరులో ప్రధానమంత్రి ఇందిరాగాంధీ తీరరాష్ట్రముల ముఖ్యమంత్రులకు వ్రాసి, పోటునీటి రేఖనుండి 500 మీటర్లవరకు కట్టడములు లేకుండ తీరమును గాపాడవలెనని కోరిరి. 1991 ఫిబ్రవరి 19న వెలువడిన తీరప్రాంత నియంత్రణ ప్రకటన ఆ కోరికకు చట్టబలమిచ్చెను. 2011లోను 2019లోను అది మార్పులకు లోనై, కొన్ని నిబంధనలు సడలింపబడెను.

చట్ట మున్నంత మాత్రమున సొమ్ము నిలువదు. ఋషికొండ తీరము 2020లో నీలిజెండా గుర్తింపు బొందిన భారత తీరములలో నొకటి. శుభ్రతకు, రక్షణకు వ్యయమగుననుట నిజము. 2023 జూలైలో అచ్చట ప్రవేశమునకు 20 రూపాయల రుసుము వసూలుచేయు ప్రతిపాదన వెలువడెను. ప్రజలనుండి అభ్యంతరములు రాగా ఆ ప్రతిపాదన విరమింపబడెను. ఇరువది రూపాయలు కొందరికి లెక్కింపదగినవి కావు. కాని ఐదుగురు గల కుటుంబమునకు అవి నూరు రూపాయలు. కూలివాని యింట ఒకనాటి పప్పు, ఉప్పు. అంతకంటె ముఖ్యమైన విషయ మొకటి గలదు. టిక్కెట్టు పుట్టిననాడు ఒడ్డున ద్వారము పుట్టును. ద్వారము పుట్టిననాడు లోపలివాడు, వెలుపలివాడు అను భేదము పుట్టును. వల భుజమున వేసికొన్న జాలరి ఆ ద్వారముకడ ఎవడగును? సముద్రము పుట్టినింటివాడా, అనుమతి గోరువాడా?

రుసుము లేనిచో శుభ్రత యెట్లని యడుగువారికి సమాధానము లేకపోలేదు. వీధికి, దీపమునకు 1858 నాటి పౌరులు కనుగొన్న మార్గమే తీరమునకును వర్తించును: అందరి పన్నులతో అందరి స్థలమును గాపాడుట. చూడవచ్చినవాడును తన పాలు తాను చెల్లింపవచ్చును. తెచ్చిన యాకులు, కాగితములు, సీసాలు తిరిగి తీసికొనిపోవుట, ఎర్రమట్టిని త్రవ్వకుండుట, తాబేలు గ్రుడ్లను త్రొక్కకుండుట, వల లాగువారి త్రాళ్లకు అడ్డుపడకుండుట, సమాధులపై పేర్లు చెక్కకుండుట. ఇది రొక్కము లేనివాడును చెల్లింపగల మూల్యము. ఉచితము అనగా తగినది యను తొలి యర్థము ఇచ్చటనే సార్థకమగుచున్నది.

సముద్రమునకు వందల మైళ్ల దూరమున నున్న విరూరువారికి ఈ విచారముతో పని యేమియని శంకింపరాదు. ధర్మకర్తృత్వమునుగూర్చిన 1996 నాటి తీర్పు సముద్రమునుద్దేశించి పుట్టలేదు. ఒక కొండవాగు తీరమున పుట్టినది. విరూరు వాగు, ఊరి చెరువు, వార్ధా యిసుక మేట ఆ న్యాయమునకే లోబడియుండును. ఊరి వాగును అందరిదిగా గాపాడుకొనలేని జనులు దూరపు సముద్రము తమదని చెప్పుకొనజాలరు. ఇచ్చటి వానచినుకు వార్ధా, ప్రాణహిత, గోదావరుల వెంట బోయి ఏ ద్వారముకడను టిక్కెట్టు చూపకయే సముద్రమును జేరుచున్నది. ఆ నీటి వెంట ఏనాడైన కడలి జూడబోవు విరూరు బాలునకు ఒడ్డున ద్వారము లేకుండుట తెలుగువారందరు కలిసి కాపాడవలసిన యుచితధర్మము.